ఈ మరక ఎవరిది?

ఉదయం కాఫీ కలుపుకోకముందే బాల్కనీలోని పిల్లుల ఇసుక ట్రే శుభ్రం చేయడం మా ఇంట్లో నా వంతు. ఆ రోజు చిల్లుల గరిటెతో ఇసుక జల్లిస్తే పైకి వచ్చిన మూత్రపు ఉండ లేత గులాబీ రంగులో ఉంది. నిమ్మకాయంత ఉండాల్సింది శనగగింజంత ఉంది. పక్కనే అలాంటివే మరో మూడు. అంటే ఎవరో రాత్రంతా మళ్ళీ మళ్ళీ వచ్చి, ముక్కి, నాలుగు చుక్కలు పోసి వెళ్ళారు. ఆ చుక్కల్లో రక్తం ఉంది. తలెత్తి చూస్తే ఐదు పిల్లులూ గుమ్మం దగ్గర బారు తీరి, పళ్ళెం ఎప్పుడు పెడతావన్నట్టు నా ముఖంలోకి చూస్తున్నాయి.

ఒక పిల్లి ఉన్న ఇంట్లో అది రోగలక్షణం. ఐదున్న ఇంట్లో అది ముందు దొంగతనం కేసు.

పిల్లుల ఆరోగ్యం గురించి వైద్యులు చెప్పే సలహాల వెనుక ఒక ఊహ దాగి ఉంటుంది, ఇంట్లో ఒక్క పిల్లే ఉందని. తిండి తగ్గిందేమో గమనించండి, నీళ్ళు ఎక్కువ తాగుతోందేమో చూడండి, విరేచనం ఎలా ఉందో చెప్పండి అంటారు. ఎవరి తిండి? ఎవరి నీళ్ళు? ఐదు గిన్నెలు ఖాళీ అయ్యాయంటే ఐదు పిల్లులు తిన్నాయని అర్థం కాదు. నలుగురు తమది తిని, ఐదో దాని వాటా కూడా పంచుకున్నారని కావచ్చు. గిన్నె తళతళలాడుతుంటే మనం నిశ్చింతగా ఉంటాం. మూడు రోజులు పస్తున్న పిల్లి సోఫా కింద ఉంటుంది.

ఇన్నేళ్ళ అనుభవంలో నాకు తేలిందేమిటంటే, ఎక్కువ పిల్లులున్న ఇంట్లో సగం వైద్యం ఏది ఎవరిదో విడదీయడంలోనే ఉంది. మిగతా సగం విడదీయలేని వాటిది. ఇసుక, గాలి, నేల, బొచ్చులోని పురుగులు, ఒకదానిపై ఒకటి పెంచుకునే కోపాలు, ఇవి ఎప్పుడూ అందరివీ. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకున్నప్పుడల్లా నేను డబ్బూ పోగొట్టుకున్నాను, నిద్రా పోగొట్టుకున్నాను.

గుంపులో దాగే జబ్బు

పిల్లి వేటాడే జంతువే, కానీ చిన్నది కనుక పెద్ద జంతువులకు తానే ఆహారం కూడా. నలతగా ఉన్నట్టు కనిపిస్తే ప్రాణానికే ముప్పు. ఆ భయం ఇంటి పిల్లిలోనూ పోలేదు. తోటి పిల్లులున్నచోట మరీ దాస్తుంది. గుర్రుమంటోంది కదా, బాగానే ఉందనుకోవడానికీ లేదు. నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

అయితే ముఖం కొంత పట్టిస్తుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లుల నొప్పిని ముఖంలో చదివే ఒక కొలమానం ప్రచురించారు. చెవులు పక్కలకు వాలాయా, కళ్ళు చికిలించిందా, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా ముందుకు సాగాయా, తల భుజాలకంటే కిందికి దిగిందా అని ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. పదికి నాలుగు వస్తే నొప్పి మందు గురించి ఆలోచించాలి. మా ఇంట్లో అవ్వ అనే ముసలి పిల్లి ముఖానికి నేను మొదటిసారి మార్కులు వేసినప్పుడు ఐదు వచ్చింది. అంతకుముందు రెండు వారాలుగా దాన్ని అందరం ‘వయసు మీద పడి ముభావంగా ఉంది’ అనుకుంటున్నాం. నోరు తెరిపించి చూస్తే వెనక దవడ పన్ను చుట్టూ చిగురు ఎర్రగా పుండై ఉంది.

అవ్వకు పద్నాలుగేళ్ళు. రాగి, జున్ను మగవి. మసి, చుక్క ఆడవి. చుక్క మా అపార్ట్‌మెంట్ సెల్లారులో స్కూటర్ల మధ్య దొరికిన పిల్ల. అన్నింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయ్యాయి.

నా దగ్గరున్న వైద్య పరికరాల్లో అన్నింటికంటే పనికొచ్చేది పసిపిల్లల్ని తూచే డిజిటల్ కాటా. దాని మీద వెదురుబుట్ట పెట్టి, బుట్ట బరువు సున్నా చేసి వదిలేస్తే పిల్లులు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. బుట్ట కనబడితే ఆగలేవు. ప్రతి ఆదివారం ఐదు అంకెలు నోటుపుస్తకంలో ఎక్కుతాయి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడంతో సమానం. చేత్తో ఎత్తుకుంటే ఆ తేడా తెలియదు. బొచ్చు కప్పేస్తుంది. పుస్తకంలో అవ్వ వరస ఇలా ఉంది: జూన్‌లో 3.9, జూలైలో 3.8, ఆగస్టులో 3.6, సెప్టెంబరులో 3.5. ఏ వారానికి ఆ వారం చూస్తే ఏమీ లేదు. నాలుగు నెలలు కలిపి చూస్తే పదో వంతు పోయింది. రక్తపరీక్షకు వెళ్ళింది ఆ అంకె వల్లే, అవ్వ వల్ల కాదు. అవ్వ ఏమీ చెప్పలేదు.

వయసు పైబడిన పిల్లి చిక్కుతోందంటే డాక్టర్ ముందు చూసేవి మూత్రపిండాలు, థైరాయిడ్, షుగర్. థైరాయిడ్ ఎక్కువైన పిల్లి ఆవురావురుమని తింటూనే చిక్కిపోతుంది కనుక మనకు అనుమానం రాదు, పైగా ముచ్చటేస్తుంది. మూత్రపిండాల జబ్బు చాప కింద నీరు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని తేలేసరికే దాదాపు ముప్పావు వంతు పని పోయి ఉంటుంది. తొలి సంకేతం ఎక్కువ నీళ్ళు తాగడం, ఎక్కువ మూత్రం పోయడం. ఐదు పిల్లులు ఒకే గిన్నెలో తాగే ఇంట్లో ఆ సంకేతం ఎవరికి అందుతుంది? ఇసుకలో ఉండల సైజు చూడాలి. ఒకటి బత్తాయంత కనిపిస్తే నీళ్ళ గిన్నె దగ్గర కాపు కాయాలి.

ఇంకో చిన్న లెక్క. పిల్లి గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్క డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి ముప్పై లోపుంటే సరే. రోజూ ముప్పై దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం లెక్కలు పక్కనపెట్టి బయలుదేరాలి.

మగవాటిని ముందు చూడాలి

ఎర్ర మరక కథకు వస్తాను. దొంగను పట్టడానికి పద్ధతులున్నాయి. విరేచనమైతే పిల్లలు బొమ్మలు వేసుకునే, విషం కాని మైనపు రంగు పెన్సిల్‌ను సన్నగా తురిమి ఒక్కో పిల్లి ముద్దలో ఒక్కో రంగు కలుపుతారు. మూత్రమైతే కంటి పరీక్షకు వాడే ఫ్లోరెసిన్ రంగును డాక్టర్ ఒక పిల్లికి ఇస్తారు. అతినీలలోహిత దీపం కింద దాని మూత్రం మెరుస్తుంది. ఇవన్నీ తీరికగా చేసేవి. ఆ ఉదయం నాకు తీరిక లేదు, ఎందుకంటే ఇంట్లో రెండు మగ పిల్లులున్నాయి.

మగ పిల్లి మూత్రనాళం చివర దారంలా సన్నం. చిన్న స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే మూసుకుపోతుంది. మూత్రం వెనక్కి తన్ని, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. రెండేళ్ళ కిందట రాగి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమనుకున్నాను. దగ్గర్లోని ఒక క్లినిక్‌కు ఫోన్ చేస్తే రేపు ఉదయం తీసుకురమ్మన్నారు. నేనూ సరేనన్నాను. రాత్రి పదకొండుకు వాంతి చేసుకుంది, చెవులు చల్లబడ్డాయి, పొట్ట కింద చెయ్యి పెడితే గట్టి బత్తాయి తగిలింది. మరో ఆసుపత్రిలో అర్ధరాత్రి గొట్టం వేసి తీశారు. మూడు రోజులు అక్కడే ఉంది. కాలుగాలిన పిల్లిలా తిరగడం అంటే ఏమిటో ఆ మూడు రోజుల్లో నాకు తెలిసింది, తిరిగింది పిల్లి కాదు.

అందుకని ఈసారి ముందు రాగిని స్నానాలగదిలో, జున్నును పడకగదిలో, చెరో ట్రేతో పెట్టి తలుపులు వేశాను. తొమ్మిదిలోపు రెండూ నిమ్మకాయంత ఉండలు పెట్టాయి. గండం లేదు. అప్పుడు కాఫీ తాగాను. సాయంత్రానికి దొంగ మసి అని తేలింది.

మూత్రపరీక్షలో సూక్ష్మజీవులు లేవు, రాళ్ళు లేవు. పదేళ్ళలోపు పిల్లుల్లో మూత్రంలో రక్తం పడితే మనం వెంటనే ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ అడుగుతాం. చాలాసార్లు అది ఇన్‌ఫెక్షన్ కాదు. మూత్రాశయం గోడ దిగులుకు వాచిపోతుంది. అవును, దిగులుకే. నొప్పి మందు ఇస్తే వారంలో తగ్గుతుంది, దిగులు తీరకపోతే మళ్ళీ వస్తుంది. మసికి దిగులేమిటో కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ట్రేలు మూడూ బాల్కనీలోనే ఉన్నాయి. బాల్కనీ గుమ్మానికి అడ్డంగా జున్ను పడుకుంటుంది. కొట్టదు, అరవదు, కనీసం తల కూడా ఎత్తదు. ఊరికే పడుకుంటుంది. మసి హాలులో నుంచి వస్తుంది, జున్నును చూస్తుంది, సోఫా మీదికి వెళ్ళిపోతుంది. పిల్లుల మధ్య తగాదాల్లో ఎక్కువ భాగం ఇలాగే, చప్పుడు లేకుండా జరుగుతాయి. మనకు అది ఎండ కాచుకోవడంలా కనిపిస్తుంది.

పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలన్నది వైద్యుల సూత్రం. ఐదు పిల్లులకు ఆరు ట్రేలు. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో ఆరు ట్రేలు పెడితే మనుషులు బాల్కనీలో పడుకోవాలి. నా తీర్పు ఏమిటంటే, ట్రేల సంఖ్య కంటే చోట్ల సంఖ్య ముఖ్యం. పక్కపక్కన పెట్టిన మూడు ట్రేలు పిల్లి లెక్కలో ఒక్కటే. ఇప్పుడు మా ఇంట్లో ట్రేలు నాలుగు, నాలుగు మూలల్లో. ఒకటి పుస్తకాల బీరువా పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ముఖం చిట్లిస్తారు. మసికి ఎర్ర మరక మళ్ళీ రాలేదు.

ఒక్కదానికి వస్తే ఐదుకూ

విడదీయలేని జబ్బుల్లో అన్నింటికంటే భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా. కుక్కల పార్వో వైరస్‌కు దాయాది. పిల్లికూనలకు వాంతులు, రక్తవిరేచనాలు, తెల్ల రక్తకణాలు అడుగంటడం, రెండు మూడు రోజుల్లో అంతా అయిపోవడం. పిల్లి వెళ్ళిపోయినా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికే ఉంటుంది. మామూలు నేల తుడిచే ద్రావణాలకు చావదు. బట్టల బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి, ముందే శుభ్రంగా కడిగిన నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. ఆ సమయంలో పిల్లులు పక్క గదిలో ఉండాలి, యాసిడ్ సీసా దరిదాపుల్లో ఉండకూడదు.

బ్లీచ్ కంటే టీకా చౌక. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. ఆఖరి మోతాదును చాలామంది ఎగ్గొడతారు. అసలు కిటుకు అక్కడే ఉంది. తల్లి పాలతో వచ్చిన రక్షణ ముందు వేసిన టీకాలను అడ్డుకోవచ్చు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. ఇదే టీకాలో జలుబు, తుమ్ములు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌లకూ రక్షణ ఉంటుంది. రేబిస్ టీకా వేరు.

హెర్పిస్ గురించి రెండు మాటలు. ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో అది నరాల్లో నక్కి జీవితాంతం ఉంటుంది, దిగులు పుట్టినప్పుడల్లా బయటికి వస్తుంది. మా చుక్కకు ఇదుంది. సంక్రాంతికి ఇంటినిండా బంధువులు దిగుతారు. కనుమ మర్నాడు అందరూ వెళ్ళిపోతారు. వారం తిరిగేసరికి చుక్క తుమ్మడం, ఎడమ కంట్లో నీరు. మొదటి ఏడాది కొత్త వైరస్ అనుకుని హడలిపోయాను. ఇప్పుడు పండగకు ముందే దాన్ని, దాని దుప్పటిని పడకగదిలోకి మార్చేస్తాను. దీనికి లైసిన్ పొడి అమ్ముతారు. అది పనిచేయదని పరిశోధనల సమీక్షలు తేల్చి చాలా కాలమైంది, అమ్మకం మాత్రం ఆగలేదు.

బొచ్చులో గెంతే నల్లటి పురుగుల సంగతి. మీకు కనిపించేవి మొత్తం సంతతిలో ఇరవయ్యో వంతు. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ళు కలిపి మిగతాదంతా తివాచీలో, పరుపు మూలల్లో, సోఫా సందుల్లో ఉంది. గోక్కుంటున్న పిల్లికి మాత్రమే మందు వేస్తే డబ్బు దండగ. అన్నింటికీ ఒకే రోజు వేయాలి, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. ఈ పురుగును నాకి మింగితే బద్దె పురుగు పొట్టలో చేరుతుంది. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే అదే. తామర కూడా ఇలా అందరిదీ, మనుషులతో సహా. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చ పిల్లి చెవి మీద, ఆ తర్వాత మీ ముంజేతి మీద కనిపిస్తుంది.

ఎఫ్ఐపీ అనే పిల్లుల జబ్బు వేరే కోవ. పిల్లుల కరోనా వైరస్ ఎక్కువ పిల్లులున్న ఇళ్ళలో ఇసుక ద్వారా తిరుగుతూనే ఉంటుంది, చాలావాటికి నాలుగు రోజుల విరేచనాలతో సరి. కొద్ది పిల్లుల్లో అది ఒంట్లోనే మార్పు చెంది, పొట్టలో నీరు చేరడం, వదలని జ్వరం, కంటి రంగు మారడంతో ప్రాణాంతకమవుతుంది. ఒక దశాబ్దం కిందట ఆ పేరు వింటే డాక్టర్లు తల దించుకునేవారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో నీల్స్ పెడర్సన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందు ఇస్తే 25 బతికి బట్టకట్టాయి. మనుషుల కోవిడ్‌కు వాడిన రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్ళాక మారే రూపాల్లో ఇదొకటి. ఆ అధ్యయనంలో చికిత్స పన్నెండు వారాలు సాగింది, ఖర్చు చిన్నది కాదు. ఇక్కడ ఎక్కువ పిల్లులున్నవారికి ఊరట ఒకటుంది. మార్పు చెందిన రూపం సాధారణంగా ఒకదాన్నుంచి ఒకదానికి అంటదు. 2023లో సైప్రస్ దీవిలో పిల్లుల్ని ఊచకోత కోసిన కొత్త రకం ఇందుకు మినహాయింపు.

కొత్త పిల్లిని తెస్తే రెండు వారాలు విడిగదిలో, వేరే ట్రే, వేరే గిన్నెతో ఉంచాలని ఇందుకే అంటారు. రెండు చుక్కల రక్తంతో పిల్లుల ల్యుకీమియా వైరస్, వాటి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ వైరస్ పరీక్ష కూడా ఆ రోజుల్లోనే చేయించాలి. ల్యుకీమియా వైరస్ ఒకరినొకరు నాక్కుంటే చాలు, సోకుతుంది. ఎఫ్ఐవీ ఎక్కువగా లోతైన కాట్లతో సోకుతుంది. పోట్లాడుకోని ఇంట్లో ఎఫ్ఐవీ పిల్లి మిగతావాటితో ఏళ్ళ తరబడి కలిసి బతకగలదు. ఎఫ్ఐవీ అనగానే ఎయిడ్స్ గుర్తొచ్చి పిల్లిని బయటికి గెంటినవాళ్ళను చూశాను. మనుషులకు అది రాదు.

పెరుగన్నం, అల్లం వెల్లుల్లి, ఫినాయిల్

మన ఇళ్ళలో పిల్లి తిండి అంటే పాలు, పెరుగన్నం, చికెన్ వండిన రోజు ఎముకలు. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, ఒంట్లో సరిపడా తయారుకాదు. అది మాంసంలో, చేపలో, ముఖ్యంగా గుండెకాయలో ఉంటుంది. అన్నంలో ఉండదు, పాలలో చాలదు. పిల్లుల గుండె సాగిపోయి చనిపోవడానికి టారిన్ లోపం కారణమని పశువైద్యుడు పాల్ పియోన్ బృందం 1987లో బయటపెట్టాకే కంపెనీలు డబ్బా తిండిలో దాన్ని పెంచాయి. ఇంట్లో చికెన్ ఉడికిస్తే టారిన్ కొంత నీళ్ళలోకి దిగుతుంది కనుక ఆ నీళ్ళు పారబోయకూడదు. ఉడికించేటప్పుడు ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. మిగిలిపోయిన కూర కడిగి పెట్టడం కూడా కుదరదన్నమాట.

ఐదు పిల్లులకు ఐదు రకాల తిండి అవసరమైనప్పుడు అసలు పరీక్ష. అవ్వకు భాస్వరం తక్కువున్న మూత్రపిండాల ఆహారం, జున్నుకు బరువు తగ్గే కొలత. రోజంతా గిన్నెలు పరిచి ఉంచే పద్ధతికి అక్కడితో స్వస్తి చెప్పాలి. మా ఇంట్లో ఉదయం ఏడు, రాత్రి ఎనిమిది, రెండు పూటలు. తలుపులు వేసిన గదుల్లో ఇరవై నిమిషాలు. తర్వాత గిన్నెలు ఎత్తేస్తాం. దీనివల్ల ఎవరు తినలేదో ఆ పూటే తెలుస్తుంది. అది చిన్న లాభం కాదు. లావుపాటి పిల్లి నాలుగైదు రోజులు తినకపోతే ఒంటి కొవ్వంతా కాలేయంలో చేరి కామెర్లు వస్తాయి. జున్నులాంటిది ఒక పూట మానేస్తే కన్నేసి ఉంచుతాను, ఒక రోజు మానేస్తే ఫోన్ చేస్తాను.

మందుల విషయంలో ఒక్క మాట గోడమీద రాసి పెట్టుకోవాలి. పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు ప్రాణం తీయడానికి. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. జ్వరంగా ఉందని ప్రేమతోనే సగం మాత్ర వేస్తారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా అంతే. కుక్కల మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి వేస్తే మూర్ఛలొస్తాయి, ఆ కుక్కను నాకినా ప్రమాదమే. నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. మా అత్తగారు ముప్పై ఏళ్ళ అలవాటు మానుకుని సబ్బునీళ్ళకు మారారు. ఆ గెలుపు నా వాదనది కాదు. ఆవిడ ఒళ్ళోనే పడుకునే చుక్కది.

కడుపుతో ఉన్న కోడలి కోసం పిల్లుల్ని వదిలేయమనే సలహా కూడా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా క్రిమి గుడ్లు పిల్లి విరేచనంతో బయటపడ్డాక అంటే శక్తి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ, ఇంకెవరైనా, ట్రే శుభ్రం చేస్తే సరిపోతుంది. ఉడకని మాంసం, మట్టి అంటిన కూరగాయలు అంతకంటే అనుమానించదగినవి.

బుట్టలోంచి దిగిన అపరిచితుడు

ఇది ఎవరూ ముందు చెప్పరు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి బుట్ట తలుపు తీయగానే, నిన్నటిదాకా ఒకే దిండు మీద పడుకున్న పిల్లి దాన్ని చూసి బుస్సుమంటుంది. పిల్లులు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది వాసనతో. స్పిరిట్, ఇతర జంతువులు, మత్తుమందు కలిసిన వాసనతో వచ్చింది వాటి దృష్టిలో కొత్త పిల్లే. రాగి మూడు రోజుల తర్వాత వచ్చినప్పుడు జున్ను తరిమి తరిమి కొట్టింది, కుట్లు లేవు కనుక సరిపోయింది. ఇప్పుడు వచ్చినదాన్ని ఒక రోజు విడిగదిలో ఉంచి, ఇంటి దుప్పటితో తుడిచి, అదే దుప్పటి మీద మిగతావాటికి తిండి పెట్టాక వదులుతాను.

డాక్టర్ దొరకడం గురించి కూడా చెప్పాలి. మన ఊళ్ళలో పశువుల ఆసుపత్రి అంటే ఆవు, గేదె, మేక. పిల్లిని తీసుకెళ్తే కొన్నిచోట్ల వింతగా చూస్తారు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు బోధనాసుపత్రులున్నాయి, క్లిష్టమైన కేసుకు అవి అక్కరకొస్తాయి. ఎక్కడికెళ్ళినా నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ‘నీరసంగా ఉందండీ’ అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. ‘నాలుగు నెలల్లో 400 గ్రాములు, ఉండలు పెద్దవయ్యాయి, వారంలో మూడు వాంతులు’ అంటే సగం దారి నడిచినట్టే. మాత్ర ఇచ్చారంటే వేశాక ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు సిరంజితో పట్టించడం మరవకండి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర పొడిగా గొంతులో అతుక్కుంటే అన్నవాహిక పుండై సన్నబడిపోతుంది.

మూత్రపిండాల జబ్బుకని అవ్వకు ఇప్పుడు రోజు విడిచి రోజు సెలైన్. డాక్టర్ రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి నా చేత చేయించారు. రాత్రి భోజనాలయ్యాక సంచిని గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో పది నిమిషాలు ఉంచి, కర్టెన్ కమ్మీకి తగిలిస్తాను. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా ఎత్తి, కొత్త సూదిని ఆ గుడారం వాకిట్లోంచి గుచ్చాలి. మొదటి వారం రెండుసార్లు అవతలి వైపు నుంచి బయటికి వచ్చి నా చొక్కా తడిసింది. వంద మిల్లీలీటర్లు దిగడానికి ఐదారు నిమిషాలు. అవ్వ వీపు మీద చిన్న మూపురం లేస్తుంది, తెల్లారేసరికి ఒంట్లో ఇంకిపోతుంది. ఆ కాసేపూ చుక్క ఊగే గొట్టాన్ని పట్టుకోవాలని చూస్తుంది, రాగి ఖాళీ బుట్టలో కూర్చుంటుంది, జున్ను మాత్రం గుమ్మానికి అడ్డంగానే. సూది తీశాక అవ్వ ఒళ్ళు దులుపుకుని, జున్ను మీదుగా దాటి, పుస్తకాల బీరువా పక్కనున్న ట్రేకు వెళ్ళింది. వెనకే వెళ్ళి చూశాను. బత్తాయంత. అవ్వ పేరు ఎదురుగా తేదీ వేసి రాశాను.